ఊరికి ఫోను – ఖర్చూ, కాలమూ

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, అల్ అజీజియాలో ఏ నలుగురు తెలుగువాళ్ళు కలిసినా రెండే ప్రశ్నలు. టికెట్టు ఎంతకు దొరికింది? అక్కడికి వెళ్ళాక ఫోను సంగతేమిటి? మొదటి ప్రశ్నకు మా దగ్గర మందు లేదు. రెండో దానికి కొంత ఉంది.

పోయిన నెల మన సమావేశంలో భోజనాల దగ్గర ఈ చర్చే చాలాసేపు నడిచింది. ఒకరు రోమింగ్ మేలన్నారు, ఒకరు ఊళ్ళో సిమ్ము కొనుక్కోమన్నారు, ఒకరు వాట్సాప్ ఉండగా ఇవన్నీ ఎందుకన్నారు. ఎవరి మాట వారిదే. అన్నీ ఒకచోట రాసి పెడితే బాగుంటుందని పెద్దలు అన్నారు. ఆ పని వైద్యులమైన మామీద పడింది. టెలిఫోను గురించి వైద్యుడు రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. అయితే ఇంజనీరు దగ్గరకు ఫోను చెడిపోయినప్పుడే వస్తారు. అవసరమైన వేళ ఫోను కలవక ఏమైందో చెప్పుకోవడానికి మా దగ్గరకే వస్తారు. అంచేత మాకూ కొంత హక్కు ఉందనుకుంటాము.

ఈ రోజుల్లో చౌకగా మాట్లాడటం కష్టమేమీ కాదు. కావలసిన గంటకు, కావలసిన మనిషికి ఫోను అందేటట్టు చూసుకోవడమే కష్టం. మొదటిది డబ్బు లెక్క, రెండోది ముందుచూపు. రెంటి గురించీ వరసగా చెబుతాము.

ట్రంకు కాల్ నుంచి ఇక్కడిదాకా

మనలో పెద్దలు ఈ గడ్డ మీద దిగిన కొత్తల్లో ఊరికి ఫోను చేయడమంటే పెళ్ళి చేసినంత పని. ఉపగ్రహం ద్వారా విదేశాలతో మాట్లాడే భూకేంద్రం మన దేశంలో పూనా దగ్గర ఆర్విలో 1971లో వచ్చింది. ఆపరేటరుతో పని లేకుండా నేరుగా విదేశానికి డయలు చేసే సౌకర్యం బొంబాయికీ లండనుకూ మధ్య 1976లో మొదలైంది. అవి మహానగరాల ముచ్చట్లు. మన ఊళ్ళల్లో ఫోను ఉన్న ఇల్లంటే కరణంగారిదో, రైసు మిల్లు వారిదో. ట్రంకు కాల్ బుక్ చేసి, ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా అని తేల్చుకుని, గంటల తరబడి కూర్చోవాలి. తీరా కలిస్తే మూడు నిమిషాలు "వినపడుతోందా" అనడానికే సరిపోయేది.

ఆ అరుపులకు కారణం మన గొంతులు కావు. ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి పోయి కిందికి దిగేసరికి 72,000 కిలోమీటర్లు. వెలుగు వేగంతో పోయినా పావు సెకను పడుతుంది, జవాబు రావడానికి మరో పావు. ఇటువాళ్ళు ఆగారనుకుని అటువాళ్ళు మొదలుపెట్టేసరికి ఇద్దరి మాటలూ ఢీకొనేవి. అందుకని గల్ఫ్‌లో చాలామంది ఫోను బదులు క్యాసెట్టు నింపి, ఊరికి వెళ్ళే మనిషి చేతికిచ్చి పంపేవారు. అమ్మ జవాబు మరో మనిషి వచ్చేదాకా అందేది కాదు.

1984లో సి-డాట్ సంస్థ ఏర్పడటం, దరిమిలా ఊరూరా పసుపుపచ్చ బోర్డుల ఎస్.టి.డి. బూతులు రావడం మనకందరికీ తెలిసిన కథ. మా చిన్నతనం ఆ బూతుల కాలమే. రాత్రి రేటు తగ్గాక బూతు ముందు క్యూ కట్టడం మాకు బాగా గుర్తు. గల్ఫ్‌లో ఉన్న మనిషి పక్కింటి నంబరుకు చేసి, "పది నిమిషాలాగి మళ్ళీ చేస్తాను, మావాళ్ళని పిలవండి" అని పెట్టేసేవాడు. దాన్నే పి.పి. నంబరు అనేవారు. వీధి వీధంతా ఆ పది నిమిషాలూ పరుగే.

తరవాత ధరలు దిగడం మొదలైంది. విదేశీ కాల్స్ మీద వి.ఎస్.ఎన్.ఎల్. ఏకచ్ఛత్రాధిపత్యం 2002లో ముగిసింది. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడటాన్ని మన ప్రభుత్వం ఆ ఏప్రిల్‌లోనే అనుమతించింది. 2006లో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్న పథకం వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక దేశంలో మాట ఉచితమైపోయి, డేటాకే డబ్బు అన్నట్టయింది. ఇక్కడ ఖతార్‌లో 2009లో వోడాఫోన్ రంగంలోకి దిగేదాకా క్యూటెల్ ఒక్కటే దిక్కు. అదే 2013లో ఊరెడూ అని పేరు మార్చుకుంది. ఇద్దరు అమ్మేవాళ్ళున్నచోట ధరకు కొంత నడుం వంగుతుంది.

డబ్బు ఎక్కడికి పోతుంది?

మనం దోహాలో ఫోను ఎత్తి విజయవాడకు చేస్తే ఆ కాల్‌కు ముగ్గురు వాటాదారులు. ఇక్కడి కంపెనీ, మధ్యలో మాటను మోసుకుపోయే కంపెనీ, అక్కడ మనవాళ్ళ చేతిదాకా చేర్చే కంపెనీ. ఈ మూడో వాటా ఎంతో మన దేశపు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయిస్తుంది. 2018 ఫిబ్రవరిలో నిమిషానికి 53 పైసలున్న దాన్ని 30 పైసలకు తగ్గించారు. 2020 మే నుంచి 35 పైసలకూ 65 పైసలకూ మధ్య ఉండవచ్చన్నారు. అరవై అయిదు పైసలంటే ఖతార్ లెక్కలో మూడు దిర్హాములు కూడా కావు. మధ్యలో సముద్రగర్భ కేబుళ్ళ మీద మాటను మోసే ఖర్చూ ఇవాళ బహు స్వల్పం. తక్కినదంతా మనకు అమ్మే కంపెనీ ఎంత చెబితే అంత.

దీనివల్ల తెలిసేదేమిటంటే, ధర దూరాన్ని బట్టి ఉండదు, మనం ఏ దారిన వెళ్ళామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒకే మనిషి, ఒకే ఊరికి, ఒకే గంటలో నాలుగు దారుల్లో మాట్లాడితే నాలుగు ధరలు. ప్యాకు వేసుకోకుండా నేరుగా డయలు చేస్తే ఒకటి, భారతదేశపు నిమిషాల ప్యాకు వేసుకుంటే ఒకటి, రోమింగ్‌లో ఒకటి, వైఫై మీద ఒకటి. హోటలు గదిలో ఫోను ఎత్తితే అయిదోది. దాని జోలికి మాత్రం వెళ్ళకండి.

ఇంకొక మాట. మరీ కారుచౌకగా అమ్మే ఊరూపేరూ లేని కార్డులు కొన్ని ఉంటాయి. వాటిలో కొన్ని మన కాల్‌ను దొంగదారిన ఇండియాలో దింపి, అక్కడి లోకల్ నంబరు నుంచి వచ్చినట్టు చూపిస్తాయి. దీనికి సిమ్ బాక్సులు వాడతారు. అది నేరం. మనం దోహా నుంచి చేస్తుంటే అమ్మ ఫోనులో ఎవరిదో తెలియని ఇండియా నంబరు కనిపిస్తుంది, ఆమె ఎత్తదు. ఎత్తడం అలవాటైతే అంతకంటే ప్రమాదం. పోలీసులమనీ, కస్టమ్సువారమనీ బెదిరించి డబ్బు గుంజేవాళ్ళు వచ్చేదీ ఇలాంటి ముసుగు నంబర్లతోనే. ఇండియా నంబరు ముసుగు వేసుకుని విదేశాల నుంచి వచ్చే కాల్స్‌ను ఆపే ఏర్పాటును మన ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అయినా మన జాగ్రత్త మనకుండాలి. తల్లిదండ్రులకు మన ఖతార్ నంబరు 974తో మొదలవుతుందని చెప్పి, మన పేరు మీద వాళ్ళ ఫోనులో దాచి రండి.

సెలవులకు వెళ్ళేవారికి

మొదట రోమింగ్ సంగతి. మన దోహా సిమ్ము గుంటూరులో ఉన్నా అది దోహా సిమ్మే. పక్కవీధిలోని బావగారు దానికి ఫోను చేస్తే ఆ కాల్ ముందు దోహా వెళ్ళి, అక్కడి నుంచి గుంటూరుకు తిరిగి వస్తుంది. వెళ్ళిన దారికి బావగారు కడతారు, వచ్చిన దారికి మనం కడతాము. భార్యాభర్తలిద్దరూ దోహా సిమ్ములతో బజారుకు వెళ్ళి, "ఎక్కడున్నావు?" అంటే "చీరల కొట్లో" అని చెప్పుకోవడానికి రెండు దేశాలు పని చేయాలి. కాబట్టి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మాట్లాడుకోవడానికి దోహా సిమ్ము పనికిరాదు. బ్యాంకు, ఆఫీసు, ప్రభుత్వ సందేశాలు అందుకోవడానికి దాన్ని ఫోనులో ఉంచండి. విమానం ఎక్కేముందే డేటా రోమింగ్ ఆపండి. మనం నిద్రపోతున్నా ఫోను నిద్రపోదు. ఫోటోలు దాచుకోవడం, యాప్‌లు నవీకరించుకోవడం దాని పాటికి అది చేస్తూనే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఎన్నాళ్ళుంటారో ముందే తెలిస్తే రోమింగ్ ప్యాకు ఇక్కడి నుంచే వేసుకోవడం మేలు.

గల్ఫ్ సహకార మండలి దేశాల మధ్య రోమింగ్ ధరలకు 2016 నుంచి పరిమితులు పెట్టారు. ఆ ఏర్పాటు ఆ ఆరు దేశాలకే గాని మన ఊరికి వర్తించదు. అలాగే ఐరోపాలో రోమింగ్ ఉచితమని ఎవరో అంటే నమ్మి పారిస్ వెళ్ళకండి. 2017 జూన్‌లో యూరోపియన్ యూనియన్ పెట్టిన ఆ నియమం అక్కడి సిమ్ములవారికి. మన సిమ్ముకు మన కంపెనీ చెప్పిన ధరే.

రెండోది ఊళ్ళో సిమ్ము. ప్రతి ఏడూ కొత్తది కొని, వచ్చేటప్పుడు పారేయడం మనలో కొందరికి అలవాటు. ఇది మంచిది కాదు. ఆ నంబరుకు మన బ్యాంకు ఖాతా, ఆధారు, గ్యాసు కనెక్షను ముడిపడి ఉంటాయి. మూడు నెలలపాటు వాడకం లేని నంబరును కంపెనీలు తీసేసి మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మన బ్యాంకు పంపే ఓ.టి.పి. ఎవరి చేతికో పోతుంది. ఒక్కటే నంబరు పెట్టుకుని, దానికి ఏడాది పొడుగునా ఏదో ఒక చిన్న రీఛార్జి చేస్తూ బతికించుకోండి. ఆ సిమ్ము దోహాలో ఉన్నా సందేశాలు అందుకోవడానికి సాధారణంగా ఖర్చుండదు. దాని నుంచి మాట్లాడితేనే ఖర్చు. 2023లో ఖతార్‌తో కలిపి పది దేశాల ప్రవాసులు తమ విదేశీ నంబరును ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాలకు జతచేసి యు.పి.ఐ. వాడుకోవచ్చని అనుమతి వచ్చింది. మీ బ్యాంకు ఆ సౌకర్యం ఇస్తోందో లేదో కనుక్కోండి.

ఒకే ఫోనులో రెండు నంబర్లు ఎలా అని అడిగేవారికి, ఇప్పటి ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్ములు పడతాయి, లేదా ఒకటి ఇ-సిమ్ అవుతుంది. ఇ-సిమ్ అంటే చేతికి చిప్పు ఇవ్వకుండా ఫోను లోపలే నమోదు చేసే సిమ్ము. ఫోను పోయినా పాడైనా దాన్ని మరో ఫోనుకు మార్చుకోవడం మాత్రం చిప్పు తీసి పెట్టుకున్నంత తేలిక కాదు. పెద్దవాళ్ళ ఫోన్లకు చిప్పే నయం.

మూడోది ఇంటర్నెట్ మాట. మామూలు ఫోనులో మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. అది సెకనుకు 64,000 బిట్లు. ఏ కుదింపూ లేకుండా ఆ లెక్కనే పోయినా, రాకపోకలు కలిపి నిమిషానికి ఒక మెగాబైటు లోపే. అంటే ఒక గిగాబైటుతో సుమారు 16 గంటలు మాట్లాడుకోవచ్చు. యాప్‌లు గొంతును ఇంకా కుదిస్తాయి కాబట్టి ఇంకా తక్కువే పడుతుంది. బొమ్మ కనిపించే కాల్‌కు మాత్రం దీనికి ఎన్నో రెట్లు. డేటా అయిపోయిందని వాపోయేవారు మాటలవల్ల కాదు, బొమ్మలవల్లే ఖాళీ అయిందని గ్రహించాలి. బొమ్మ ఎప్పుడు అవసరమో కింద చెబుతాము.

ఇంటర్నెట్ మాటకు ఇంకొక చిక్కు ఉంది. అది కంపెనీ చేతిలోనే గాక ప్రభుత్వాల చేతిలో కూడా ఉంటుంది. దుబాయిలో విమానం మారేటప్పుడు వాట్సాప్‌లో సందేశం పోయినా మాట పోకపోవడం చాలామందికి అనుభవమే. 2017లో ఖతార్‌లోనూ స్కైప్ వంటివాటిలో మాటలు ఆగిపోయిన సంగతి ఇక్కడి పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. ఆ స్కైప్ కూడా 2025 మేలో పూర్తిగా మూతపడింది. పదేళ్ళపాటు అమ్మకు నేర్పిన ఒకే ఒక్క దారి ఒకరోజు పొద్దున్నే ఉండదు. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా దగ్గరా, ఆ వెంటనే దుబాయి దగ్గరా సముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు గల్ఫ్‌కూ ఇండియాకూ ఇంటర్నెట్ సగం పడిపోయినంత పనైంది. అంచేత ఒక యాప్‌నే నమ్ముకోవద్దు. మామూలు కాల్‌కు సరిపడా నిల్వ ఎప్పుడూ ఫోనులో ఉంచుకోండి. అది మందుల డబ్బాలోని మాత్ర లాంటిది. వాడనన్నాళ్ళూ దండగలాగే కనిపిస్తుంది.

కొన్ని చిల్లర జాగ్రత్తలు. నంబర్లన్నీ ముందు ప్లస్ గుర్తు, 91, ఆపైన పది అంకెలు వచ్చేటట్టు దాచుకోండి. ఏ దేశంలో ఉన్నా నొక్కితే పోతాయి. ల్యాండు లైనైతే ఊరి కోడు ముందున్న సున్నా తీసేయాలి. హైదరాబాదుకు 040 కాదు, 91 తరవాత 40. తెలియని విదేశీ నంబరు నుంచి ఒక్క రింగు వచ్చి ఆగిపోతే తిరిగి చేయకండి. తిరిగి చేసినవాడి జేబు కొట్టడానికే ఆ రింగు. చివరిది చాలా ముఖ్యం. ఎడారి ప్రయాణాలకు ఇక్కడ కొందరు వాడే తురాయా వంటి శాటిలైటు ఫోన్లను ఇండియాకు తీసుకువెళ్ళకండి. ముందస్తు అనుమతి లేకుండా వాటిని దేశంలోకి తేవడం నేరం. విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

అమ్మానాన్నలు ఇక్కడికి వస్తే

చలికాలంలో ఈ పేటలో నడిచి చూడండి. ఆస్పైర్ పార్కులో పంచెకట్టులో తాతగార్లు, విలాజియో లోపల కాలువ పక్కన బల్లల మీద బామ్మగార్లు. మనం ఆఫీసుల్లో, పిల్లలు బడుల్లో. వాళ్ళ చేతిలో ఇండియా సిమ్ము ఉన్న ఫోను, రోమింగ్ లేదు. అంటే వాళ్ళ దగ్గర ఉన్నది గడియారం, కెమెరా మాత్రమే.

వచ్చిన రోజే వాళ్ళకు ఇక్కడి సిమ్ము ఒకటి తీసివ్వండి. ఎంత చిన్న ప్యాకైనా సరే. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే మామూలు కాల్ అందులో ఉండాలి. ఫోను మొదటి పేజీలో మూడే పేర్లు ఉంచండి. కొడుకు లేదా కూతురు, ఇంట్లో మరొకరు, ఇరుగుపొరుగు తెలుగువారు ఒకరు. ఇక్కడ అంబులెన్సుకైనా పోలీసుకైనా 999 అని నేర్పండి. ఇంటి గోడ మీద నీలం పలక చూపించండి. దాని మీద జోను, వీధి, భవనం అని మూడు అంకెలుంటాయి. ఆ మూడూ ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టండి. భాష రాకపోయినా ఆ మూడంకెలు చెబితే అంబులెన్సు ఇంటికి వస్తుంది. గోల్డు లైను మెట్రోకు అల్ అజీజియా చివరి స్టేషను కాబట్టి, దారి తప్పినా చివరిదాకా కూర్చోమంటే మన పేటకే చేరతారు. ఎదురు దిశ బండి ఎక్కకుండా మాత్రం చూసుకోవాలి.

అసలు కాల్

ఇక మేము ఈ వ్యాసం ఒప్పుకున్న కారణానికి వద్దాము.

కాల్ ఖరీదుగా ఉన్న రోజుల్లో ఊళ్ళో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళేవారు. నయమైనాకో, కానప్పుడో మనకు కబురు చేసేవారు. అది మనకు బాధగా ఉండేది. ఇప్పుడు కాల్ ఉచితం. నాన్నకు మూతి వంకర పోయింది, చేయి ఎత్తలేకపోతున్నాడు అంటే ముందు దోహాకు ఫోను. మనం మీటింగులో ఉంటాము, ఎత్తము. మళ్ళీ ఫోను. అమెరికాలో అన్నయ్యకు ఫోను. అక్కడ అర్ధరాత్రి. ఏ ఆసుపత్రి అన్న చర్చ. వీడియోలో చూపించమనడం. పడుకోబెట్టి పొద్దున చూద్దామనడం. పక్షవాతంలో మెదడులో రక్తం గడ్డకట్టినప్పుడు దాన్ని కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఆ లోపు ఆసుపత్రికి చేరడమే గాక, స్కాను తీయడం కూడా జరగాలి. ఎంత ముందైతే అంత మేలు. పల్లె నుంచి పట్నానికి ప్రయాణమే గంటన్నర అనుకుంటే, ఫోన్ల మీద గడిపిన ప్రతి అరగంటా ఆ మనిషి చేతిలో, కాలిలో, మాటలో నుంచి పోయినట్టే.

మేము చూసిన కుటుంబాలలో ఇది పదేపదే జరుగుతోంది. ఎవరి తప్పూ కాదు. మనమీద గౌరవంతో, భయంతో, డబ్బు ఎవరు పంపుతారన్న ఆలోచనతో అడుగుతారు. ఆ గౌరవాన్ని మనమే పక్కన పెట్టించాలి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పూట కూర్చోబెట్టి, నోరు విడిచి ఇలా చెప్పండి: "నాన్నా, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకర, కాలూ చేయీ పడిపోవడం, స్పృహ తప్పడం – వీటిలో ఏది జరిగినా ముందు 108. ఆసుపత్రిలో చేరాక నాకు ఫోను. ఖర్చు గురించి నన్ను అడగవద్దు." ఈ మాట మన నోటితో ముందే అని ఉంటేనే ఆ రాత్రి వాళ్ళకు ధైర్యం వస్తుంది.

108 సేవ హైదరాబాదులో 2005 ఆగస్టులో మొదలైంది. ఇప్పుడు చిన్న పిల్లలకు కూడా తెలుసు. అయితే ఒక సంగతి మనలో చాలామందికి తెలియదు. ఇలాంటి మూడంకెల నంబర్లు ఆ దేశంలో ఉన్నవారికే. దోహాలో కూర్చుని మనం 108 నొక్కితే మన ఊళ్ళో అంబులెన్సు కదలదు. ముందు ప్లస్ 91 పెట్టినా పోదు. తల్లి ఒక్కతే ఇంట్లో ఉండి, మనతో మాట్లాడుతూ మాట్లాడుతూ మాట తడబడితే మనం ఎవరికి చేయాలి? ఆ పేరు, ఆ నంబరు ఇప్పుడే మీ దగ్గర ఉండాలి. తలుపు తట్టగల పక్కింటివారు ఒకరు, తాళం చెవి ఉన్నవారు ఒకరు, కారో ఆటోనో ఉన్నవారు ఒకరు, దగ్గరి ఆసుపత్రి క్యాజువాలిటీకి పూర్తి పదంకెల నంబరో, కోడుతో ల్యాండు లైనో ఒకటి. నాలుగు నంబర్లు. వీటికి వాట్సాప్ కాదు, మామూలు కాల్ చేయాలి. అవతలివారి ఫోనులో డేటా ఉన్నా లేకపోయినా మోగేది అదే. ఆ కాల్ నిమిషానికి ఎంతని చూడకండి. ఏడాది పొడుగునా వైఫై మీద మిగిల్చింది ఆ నాలుగు నిమిషాల కోసమే.

ఇందాక బొమ్మ ఎప్పుడు అవసరమో చెబుతామన్నాము. మామూలు కబుర్లకు గొంతు చాలు. వారానికి ఒక్కసారి మాత్రం బొమ్మలో చూడండి, అదీ ముఖమొక్కటే కాదు. "మాత్రలు వేసుకుంటున్నావా?" అంటే ప్రతి తల్లీ "ఆ" అనే అంటుంది. మాత్రల అట్ట కెమెరా ముందు పెట్టమనండి. ఎన్ని గదులు ఖాళీ అయ్యాయో లెక్క తెలిసిపోతుంది. పాదాలు చూపించమనండి. వాచి ఉంటే, వేలితో నొక్కితే గుంట పడితే, ఆ వారమే డాక్టరుకు చూపించాలి. చక్కెర వ్యాధి ఉన్నవారివైతే అరికాళ్ళు చూడండి. నొప్పి తెలియని పుండ్లు అక్కడే దాక్కుంటాయి. నాలుగడుగులు నడిచి చూపించమనండి. ఇది వైద్యం కాదు, వైద్యుడి దగ్గరకు పంపడానికి మనం చేయగల పని. డేటా ఖర్చు పెట్టవలసింది వీటికి.

వేళ కూడా చూసుకోవాలి. మనకూ ఇండియాకూ రెండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి పది అంటే అక్కడ పన్నెండున్నర. పిల్లలు పడుకున్నాక తీరిగ్గా మాట్లాడదామని మనం అనుకుంటాము, మన ఫోను కోసం డెబ్బై ఏళ్ళ మనిషి నిద్ర ఆపుకుని కూర్చుంటుంది. రక్తపోటు ఉన్నవారికి రోజూ ఇలా నిద్ర చెడటం మంచిది కాదు. పొద్దున్న ఆరుకు మనం కాఫీ తాగేటప్పుడు అక్కడ ఎనిమిదిన్నర. అయిదు నిమిషాలే కావచ్చు, ఆ వేళకు చేయండి.

మరొక మనవి. మన ఇళ్ళల్లో పని చేసే అమ్మాయిలు, మన కార్లు నడిపే అబ్బాయిలు కూడా కడప నుంచో, గోదావరి జిల్లాల నుంచో, కరీంనగరు, నిజామాబాదుల నుంచో వచ్చినవారే. వాళ్ళకూ ఊళ్ళో పసిపిల్లలున్నారు, ముసలి తల్లులున్నారు. మన ఇంటి వైఫైకి మనం కట్టేది నెలకొక్కసారే. దాని మీద ఇంకొకరు మాట్లాడితే మనకు దిర్హాము కూడా పెరగదు. ఆ పాస్‌వర్డు అడిగించుకోకుండా ఇవ్వండి, మాట్లాడుకోవడానికి ఒక వేళా, తలుపు వేసుకోవడానికి ఒక చోటూ ఇవ్వండి. గల్ఫ్‌లో బతుకు బరువెంతో మా దగ్గరకు వచ్చే రోగుల రక్తపోటు మాకు రోజూ చెబుతూనే ఉంటుంది. అందులో కొంత మాట్లాడే మనిషి అందక వచ్చిన బరువు.

ప్రయాణానికి ముందు ఈ పేజీని చింపి ఫ్రిజ్జు మీద అంటించుకోండి. పైన ఖాళీ చోటులో ఆ నాలుగు నంబర్లు రాసుకోండి. పెన్నుతో రాయండి, ఫోనులో ఉన్నాయిలే అనుకోవద్దు. ఫోను ఛార్జింగు అయిపోయిన రాత్రి కూడా కాగితం పనిచేస్తుంది. రాసుకున్నాక ఆ నలుగురికీ ఒక్కసారి ఫోను చేసి, "మా అమ్మానాన్నలు మీ నమ్మకం మీద ఉన్నారండీ" అని చెప్పండి. ఆ కాల్‌కు అయ్యే ఖర్చు, పైన చెప్పిన ఏ లెక్కలో చూసినా, దండగ కాదు.